రిపోర్టులో యూరిక్ యాసిడ్ ఎక్కువ వచ్చిందా? గుండె కోసం ఏ పని ముందు, ఏది తర్వాత

హెల్త్ చెకప్ ప్యాకేజీ రిపోర్టు ఫోన్‌కి వస్తుంది. నాలుగైదు పేజీలు కిందికి జరిపాక ఒక అంకె ముదురు అక్షరాల్లో కనబడుతుంది: యూరిక్ యాసిడ్ 7.9. పక్కనే ‘హెచ్’. ఒంట్లో ఏ బాధా లేదు, కాలి వేలు ఎప్పుడూ నొప్పి పుట్టలేదు. నెట్‌లో వెతికితే మాత్రం రెండో లైన్లోనే గుండెపోటు అని ఉంటుంది. సాయంత్రానికల్లా ఇంట్లో పప్పు బంద్, టమాటా బంద్. మర్నాడు మెడికల్ షాపులో యూరిక్ యాసిడ్ తగ్గించే ఫెబుక్సోస్టాట్ 40 స్ట్రిప్ ఒకటి కొనేస్తారు.

ఈ రెండు పనులకీ ఇప్పుడు తొందర లేదు. యూరిక్ యాసిడ్ పెరిగినవాళ్లలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపిస్తాయన్న మాట నిజమే. కానీ ఆ అంకెను మాత్రతో దించేస్తే గుండెకు మేలు జరుగుతుందని ఇంతవరకు రుజువు కాలేదు. పెరిగిన యూరిక్ యాసిడ్ వెనకాల చాలామందిలో బీపీ, షుగరు, పొట్ట, కిడ్నీల్లో ఏదో ఒకటి నక్కి ఉంటుంది. గుండె కోసం పట్టుకోవాల్సింది దాన్ని. కింద చెప్పే వరుస అంతా అందుకే.

1. ముందు ఆ అంకె సరైనదేనా చూడండి

యూరిక్ యాసిడ్ రోజూ ఒకేలా ఉండదు. ముందు రోజు రాత్రి బీరు తాగారా? ఎండలో తిరిగి నీళ్లు తక్కువ తాగారా? ఉపవాసం ఉన్నారా? జిమ్‌లో గట్టిగా బరువులెత్తారా? వీటిలో ఏది జరిగినా అంకె పైకి పోతుంది. అందుకని రెండు మూడు వారాలు ఆగి మళ్లీ చేయించండి. దానికి ముందు రెండు మూడు రోజులు మద్యం ముట్టకండి, భారీ వ్యాయామం వద్దు, నీళ్లు మామూలుగా తాగండి. పరగడుపునే చేయించాలన్న నియమం దీనికి లేదు. షుగరు, కొలెస్ట్రాల్ కూడా కలిపి చేయిస్తే ల్యాబ్‌వాళ్లు పరగడుపున రమ్మంటారు, అంతే.

మామూలుగా మగవాళ్లలో 7 దాటితే, ఆడవాళ్లలో 6 దాటితే ఎక్కువ అంటారు. ల్యాబును బట్టి ఈ హద్దులో కొద్దిగా తేడా ఉంటుంది. రక్తంలో యూరిక్ యాసిడ్ కరిగి ఉండగలిగే హద్దు సుమారు 6.8. అది దాటితే కీళ్లలో స్ఫటికాలుగా పేరుకునే అవకాశం మొదలవుతుంది. నెలసరి ఆగేదాకా ఈస్ట్రోజన్ వల్ల ఆడవాళ్లలో యూరిక్ యాసిడ్ బాగానే బయటికి పోతుంది. ఆగాక మెల్లగా పెరుగుతుంది. యాభై ఐదేళ్ల అమ్మకు ఇప్పుడు 6.4 వచ్చిందంటే పదేళ్ల కిందటి 4.5తో పోల్చి బెంబేలు పడక్కర్లేదు.

పిల్లలు లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి, అక్కడ టెస్టు చేయించుకుంటే 430 లాంటి అంకె కనబడుతుంది. అది వేరే కొలమానం, మైక్రోమోల్స్. దాన్ని 60తో భాగిస్తే ఇంచుమించు మన లెక్క (డెసిలీటరుకు మిల్లీగ్రాములు) వస్తుంది. అంటే 430 మన దగ్గర 7 పైచిలుకు. అమెరికాలో మన లెక్కే వాడతారు.

ఇంకో తిరకాసు ఉంది. బొటనవేలు వాచి ఎర్రబడి మంచం మీద ఉన్నప్పుడు టెస్టు చేయిస్తే, కొందరికి యూరిక్ యాసిడ్ నార్మల్ అని వస్తుంది. దాన్ని చూసి ఇది గౌట్ (యూరిక్ యాసిడ్ స్ఫటికాల వల్ల వచ్చే కీళ్ల వాపు) కాదు అనుకోవద్దు. నొప్పి తగ్గాక రెండు వారాలు ఆగి చేయించిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

2. అదే రిపోర్టులో చుట్టుపక్కల అంకెలు చదవండి

నా దృష్టిలో అసలు పని ఇక్కడుంది. జనం ఎక్కువగా వదిలేసేది కూడా ఇదే.

యూరిక్ యాసిడ్ బయటి నుంచి వచ్చే విషమేం కాదు. ఒంట్లో కణాలు చనిపోయి విడిపోయేటప్పుడు ప్యూరిన్లు అనే పదార్థాలు బయటపడతాయి. వాటిని శరీరం చివరికి యూరిక్ యాసిడ్‌గా మారుస్తుంది. చాలా జంతువుల్లో దాన్ని ఇంకా విరగ్గొట్టే యూరికేజ్ అనే ఎంజైము ఉంది, మనకు లేదు. రోజూ తయారయ్యే దానిలో దాదాపు మూడింట రెండు వంతులు ఒంటిదే, తిండి వాటా మూడో వంతు మాత్రమే. బయటికి పంపే భారం మాత్రం ఎక్కువగా కిడ్నీల మీదే. పొట్ట పెరిగి, ఇన్సులిన్ సరిగా పనిచేయక, రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైతే కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ను వదలకుండా పట్టి ఉంచుతాయి. కాబట్టి 7.9 అనేది చాలాసార్లు మటన్ గురించి కాకుండా నడుము గురించి చెబుతున్న అంకె.

ఒక కాగితం మీద ఇవి రాసుకోండి. హెచ్‌బీఏ1సీ: ఇది మూడు నెలల షుగరు సగటు. 5.7 నుంచి 6.4 అయితే షుగరు అంచు, 6.5 లేదా ఆ పైన అయితే షుగరే. రక్తంలోని కొవ్వు, అంటే ట్రైగ్లిజరైడ్లు, 150 పైన ఉన్నాయా? చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ ఎంత? కిడ్నీ టెస్టు క్రియాటినిన్ పక్కన ఇ-జీఎఫ్ఆర్ అని ఉంటుంది, కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడగడుతున్నాయో చెప్పే అంకె. అది మూడు నెలల తేడాతో రెండుసార్లు 60 కంటే తక్కువ వస్తే కిడ్నీ డాక్టరు చూడాల్సిందే. క్రియాటినిన్ 1.2 ఉంది, నార్మలే కదా అని సరిపెట్టుకోకండి. అరవై ఏళ్ల సన్నటి ఆడమనిషికి ఆ 1.2 దగ్గరే ఇ-జీఎఫ్ఆర్ 60 కిందికి పడిపోతుంది. మూత్రంలో ఆల్బుమిన్ టెస్టు ప్యాకేజీల్లో తరచూ ఉండదు, విడిగా అడిగి చేయించండి.

నడుము కొలవడానికి దర్జీ టేపు చాలు. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, ఎందుకంటే మన మగవాళ్లు ప్యాంటు పొట్ట కిందికి కడతారు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ మధ్యలో టేపు చుట్టి, ఊపిరి వదిలాక చూడండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే మన దేశపు లెక్కలో పొట్ట ఎక్కువే.

ఇక బీపీ. డాక్టరు గదిలో ఒక్కసారి చూసింది సరిపోదు. చేతికి చుట్టే డిజిటల్ మిషన్‌తో వారం రోజులు పొద్దున, సాయంత్రం చూడండి. మణికట్టుకు పెట్టేవి అంత నమ్మకం కాదు. ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేల మీద పెట్టి, మాట్లాడకుండా కూర్చోండి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోండి. మొదటి రోజుది కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 లేదా ఆ పైన ఉంటే బీపీ ఉన్నట్టే.

రాబోయే పదేళ్లలో గుండెపోటు, పక్షవాతం వచ్చే అవకాశాన్ని లెక్కగట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ దక్షిణాసియాకు విడిగా పట్టికలు తయారు చేసింది. వాటిలో వయసు, ఆడా మగా, పొగ, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ ఉంటాయి. యూరిక్ యాసిడ్‌కి అందులో గడి లేదు. యూరోపు హైపర్‌టెన్షన్ నిపుణులు మాత్రం బీపీ ఉన్నవాళ్లలో దీన్నీ చూడమంటారు, ముప్పును పెంచే గుర్తుల్లో ఒకటిగా. ప్రధాన నిందితుడు అని వాళ్లూ అనలేదు.

3. వేసుకునే మాత్రల స్ట్రిప్పులు తిరగేసి చూడండి

బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ అనే అక్షరం ఉందా? స్ట్రిప్ వెనకాల చిన్న అక్షరాల్లో హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 మిల్లీగ్రాములు అని ఉంటుంది. క్లోర్‌థాలిడోన్ అని ఉన్నా అదే వర్గం. ఇవి మూత్రం ఎక్కువ పోయేలా చేసి బీపీ తగ్గిస్తాయి, ఆ క్రమంలో యూరిక్ యాసిడ్ పెంచుతాయి. ఫ్యురోసెమైడ్ కూడా అంతే. టీబీకి వాడే పైరజినమైడ్ అయితే చాలా పెంచుతుంది. కోర్సులో ఆ మందు ఆగిపోయాక అంకె దానంతటదే దిగుతుంది.

గుండె కోసం వేసే ఆస్పిరిన్ 75 కూడా కొంచెం పెంచుతుంది. అలాగని ఆపేయకండి. స్టెంట్ వేయించుకున్నవాళ్లు యూరిక్ యాసిడ్ భయంతో ఆస్పిరిన్ మానేస్తే స్టెంట్ మూసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. బీపీ మాత్ర సంగతీ అంతే, మానేయడం మీ పని కాదు, అడగడం మీ పని. లోసార్టాన్ బీపీతో పాటు యూరిక్ యాసిడ్‌ను కూడా కొంత తగ్గిస్తుంది. షుగరుకూ హార్ట్ ఫెయిల్యూర్‌కూ ఇచ్చే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కూడా తగ్గిస్తాయి. మీకు అవి నప్పుతాయో లేదో డాక్టరు చెప్పాలి. స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. ‘తెల్లటి చిన్న మాత్ర’ అంటే ఎవరికీ అర్థం కాదు.

4. యూరిక్ యాసిడ్ మాత్ర కావాలా వద్దా తేల్చుకోండి

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పుకోవాలి, ఎందుకంటే మాత్ర రాసే అలవాటుకీ పరిశోధనలకీ మధ్య దూరం ఎక్కువగా ఉంది.

అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ గుండె అధ్యయనం 1999లో 6,763 మంది వివరాలు చూసింది. బీపీ, మూత్రం మాత్రలు వంటివి లెక్కలోంచి తీసేస్తే యూరిక్ యాసిడ్‌కీ గుండెజబ్బుకీ విడిగా సంబంధం కనబడలేదు. మరుసటి ఏడాదే, 2000లో, అదే దేశపు ఆరోగ్య సర్వే ఆధారంగా వచ్చిన మరో పరిశోధన, సంబంధం ఉందని తేల్చింది. ఈ తగువు ఇరవై ఏళ్లు నడిచింది. తీర్చాలంటే మాత్ర ఇచ్చి చూడాలి కదా, బ్రిటన్‌లో అదే చేశారు. అరవై దాటిన, గుండె రక్తనాళాల జబ్బు ఉన్న, గౌట్ లేని 5,700 మంది పైచిలుకు మనుషుల్లో సగం మందికి మామూలు మందులతో పాటు యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ ఇచ్చారు, ఎక్కువమందికి రోజుకు 600 మిల్లీగ్రాముల దాకా. ఆల్-హార్ట్ అని పేరు. దాదాపు ఐదేళ్లు చూశాక 2022లో ఫలితం వచ్చింది: గుండెపోట్లలో, పక్షవాతాల్లో, గుండెజబ్బు మరణాల్లో తేడా లేదు.

కాబట్టి ఏ బాధా లేకుండా రిపోర్టులో మాత్రమే 7.9 ఉంటే, గుండె కోసమని మాత్ర మొదలుపెట్టడానికి ఆధారం లేదు. అక్కడి కీళ్ల డాక్టర్ల సంఘం, అమెరికన్ రుమటాలజీ కాలేజీ, 2020 మార్గదర్శకాలు కూడా ఇలాంటివాళ్లకు మందు వద్దనే అంటాయి. అదే, గౌట్ ఏడాదికి రెండుసార్లు లేదా అంతకన్నా ఎక్కువ వస్తుంటే, చెవి మీదా మోచేతి దగ్గరా సుద్దలాంటి గడ్డలు కట్టి ఉంటే, ఎక్స్‌రేలో కీలు అరిగినట్టు తేలితే, మాత్ర కావాలి, ఆపకుండా వాడాలి, అంకెను 6 కిందికి తేవాలి. మొదటిసారి గౌట్ వచ్చినవాళ్లకైనా కిడ్నీ జబ్బో, మూత్రంలో రాళ్లో, 9 పైన అంకో ఉంటే డాక్టర్లు మొదలుపెట్టొచ్చు.

మాత్ర తప్పదంటే రెండు మాటలు అడగండి. ఫెబుక్సోస్టాట్ రాస్తే, మీకు గుండెజబ్బు ఉందని డాక్టరుకు తెలుసా? 2018లో వచ్చిన కేర్స్ అనే పరీక్షలో, గౌటూ గుండెజబ్బూ రెండూ ఉన్నవాళ్లలో ఫెబుక్సోస్టాట్ వాడినవారికి గుండె మరణాలు అల్లోప్యూరినాల్ వాడినవారికంటే ఎక్కువ కనిపించాయి. 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని మీద గట్టి హెచ్చరిక వేయించింది. 2020లో యూరోపులో జరిగిన ఫాస్ట్ పరీక్షలో ఆ ప్రమాదం కనబడలేదు. కాబట్టి వాడకూడని మందు అని కాదు, కానీ గుండెజబ్బు ఉన్న మనిషి షాపులో తనంతట తాను కొనుక్కునే మందు మాత్రం కానే కాదు. అల్లోప్యూరినాల్ రాస్తే 100 లేదా ఇంకా తక్కువ నుంచి మొదలై మెల్లగా పెరగాలి. మొదటి రెండు నెలల్లో ఒంటి మీద దద్దు, నోట్లో పుండ్లు, జ్వరం వస్తే అదే రోజు మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్లండి. అరుదే గానీ ప్రమాదకరం.

5. వంటింట్లో ఏది మానాలి, ఏది మానక్కర్లేదు

పప్పు మానక్కర్లేదు. పాలకూర, కాలీఫ్లవర్, పుట్టగొడుగులు కూడా. వీటిలో ప్యూరిన్లు ఉన్న మాట నిజమే, కానీ అమెరికాలో 47 వేల మంది మగవాళ్లను పన్నెండేళ్లు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలాంటి కూరగాయలు తిన్నవారికి గౌట్ ఎక్కువ రాలేదు. మాంసం, సముద్రపు చేపలు, రొయ్యలు ఎక్కువగా తిన్నవారికి వచ్చింది. పాలు, పెరుగు తీసుకున్నవారికి తక్కువగా వచ్చింది. పప్పన్నం మానేసి ఆ జాగాలో ఇంకాస్త తెల్లన్నమో, ఉప్మానో పెట్టుకుంటే షుగరు, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. గుండెకు నష్టం అటు నుంచి వస్తుంది.

తగ్గించాల్సినవి ఇవి: లివర్, కిడ్నీ, బోటి, మెదడు, తలకాయ కూర, పాయ. చేపల్లో నెత్తళ్లు, కవళ్లు. రొయ్యలు, పీతలు అప్పుడప్పుడు మాత్రమే. చికెన్, మటన్ వారానికి ఒకటి రెండుసార్లు, నాలుగైదు ముక్కలతో సరి. ఒక చిన్న సంగతి: మాంసం ఉడికేటప్పుడు ప్యూరిన్లలో కొంత భాగం నీళ్లలోకి దిగిపోతుంది. ముక్కలు పక్కన పెట్టి, ‘నేను తినలేదు, ఉత్త పులుసే పోసుకున్నా’ అనే ఆదివారపు లెక్క అందుకే తప్పు. ఎముకల సూపు ‘బలానికి’ తాగేవాళ్లకూ ఇదే మాట. గుడ్లలో ప్యూరిన్లు తక్కువ, భయం లేదు.

తీపి పానీయాలను జనం అనుమానించరు, అనుమానించాల్సింది వాటినే. చక్కెరలోని ఫ్రక్టోజ్ లివర్లో కరిగేటప్పుడు నేరుగా యూరిక్ యాసిడ్ పుట్టిస్తుంది. కూల్ డ్రింకులు, ప్యాక్ చేసిన జ్యూసులు, గ్లాసుడు చెరకు రసం, చక్కెర దండిగా వేసిన బత్తాయి రసం అన్నీ ఈ కోవలోవే. పండును పండులాగే తినండి. కాఫీకి అడ్డు లేదు, చక్కెర తగ్గిస్తే చాలు. మద్యంలో అన్నిటికంటే చెడ్డది బీరు. కల్లు చెట్టుదే కదా అంటారు, పులిసిన కల్లులో ఉన్నదీ ఆల్కహాలే.

ఉప్పు యూరిక్ యాసిడ్‌కు పెద్ద సంబంధం లేనిది, కానీ మన పని గుండె కోసం కాబట్టి దాన్ని వదలకూడదు. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, ఎండుచేపలు కలిస్తే బీపీ మాత్ర చేసిన పని సగం పోతుంది. మజ్జిగ మంచిదే, అందులో ఉప్పు గుప్పించకండి.

బరువు తగ్గాలి, కానీ దూకుడుగా వద్దు. పది రోజుల ఉపవాసాలు, కీటో తరహా డైట్లు మొదట్లో యూరిక్ యాసిడ్‌ను పెంచి గౌట్ తెప్పిస్తాయి. నెలకు ఒకటి రెండు కిలోల చొప్పున తగ్గితే చాలు. నీళ్లు రోజుకు రెండు, రెండున్నర లీటర్లు. హార్ట్ ఫెయిల్యూర్‌తోనో, కిడ్నీ జబ్బుతోనో నీళ్లకు కొలత పెట్టినవాళ్లు మాత్రం ఆ కొలతే పాటించాలి. ఇంత చేసినా తిండి మార్పుతో అంకె తగ్గేది సుమారు ఒక పాయింటే. 9 ఉన్నది పథ్యంతో 5 కాదు. గౌట్ ఉన్నవాళ్లు ఇది తెలుసుకోకుండా ఏళ్ల తరబడి నోరు కట్టుకుని నొప్పి భరిస్తుంటారు.

6. రాత్రి రెండింటికి బొటనవేలు పట్టేస్తే

గౌట్ ఎక్కువగా రాత్రిపూటే వస్తుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. అప్పుడు చెయ్యి పోయేది డ్రాయరులోని డైక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ వైపు. ఊళ్లో అయితే పొద్దున్నే సూది. గుండెజబ్బు, స్టెంట్, హార్ట్ ఫెయిల్యూర్, అదుపులో లేని బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఈ పెయిన్ కిల్లర్ల జోలికి వెళ్లకూడదు. ఇవి గుండెపోటు ముప్పును పెంచుతాయి, బీపీని ఎక్కిస్తాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. యూరిక్ యాసిడ్ వల్ల గుండెకేమవుతుందో అని టెన్షన్ పడే మనిషే నెలకు రెండు స్ట్రిప్పులు పెయిన్ కిల్లర్లు మింగుతుంటే, కళ్లముందున్న ప్రమాదం ఆ స్ట్రిప్పే.

ఐసు గుడ్డలో చుట్టి కీలు మీద పెట్టండి, కాలు ఎత్తుగా పెట్టుకోండి, పారాసెటమాల్ వేసుకోవచ్చు. తెల్లవారగానే డాక్టరును కలవండి. తక్కువ మోతాదు కోల్చిసిన్, కొద్ది రోజుల స్టెరాయిడ్, కీలులోకి ఇంజెక్షను లాంటి దారులున్నాయి. విరేచనాలు మొదలయ్యేదాకా గంటకో కోల్చిసిన్ మింగే పాత పద్ధతి ఇప్పుడు లేదు. కోల్చిసిన్ వేసుకునేటప్పుడు గొంతు నొప్పికి క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ రాస్తే తప్పకుండా చెప్పండి, రెండూ కలిస్తే ప్రమాదం. అప్పటికే వాడుతున్న అల్లోప్యూరినాల్‌ను నొప్పి వచ్చిందని ఆపకండి.

నొప్పి తగ్గినంత మాత్రాన గుండె సంగతి మర్చిపోకూడదు. ఇంగ్లండ్‌లో గౌట్ రోగుల రికార్డులు పరిశీలించి 2022లో చెప్పింది ఏమిటంటే, గౌట్ తిరగబెట్టిన తర్వాతి రెండు నెలల్లో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయి, ఆ తర్వాతి రెండు నెలల్లో కూడా కొంత. కీలులో రేగిన వాపు రక్తనాళాల దాకా పాకుతుందన్నది దీనికి చెప్పే కారణం. అందుకే గౌట్ ఉన్నవాళ్లలో ఆ నొప్పి మళ్లీ మళ్లీ రాకుండా చూసుకోవాలి. కోల్చిసిన్ 0.5 మాత్రను గుండెజబ్బు ముప్పు తగ్గించడానికి 2023లో అమెరికా అనుమతించింది కూడా. అయితే గుండెపోటు వచ్చిన వెంటనే మొదలుపెట్టి చూసిన పెద్ద పరీక్షలో 2024లో లాభం కనబడలేదు. ఎవరికి ఇవ్వాలో గుండె డాక్టరు చూసుకుంటారు.

7. మళ్లీ ఎప్పుడు ఏం చూడాలి

మందు లేకుండా తిండి, నడక, బరువుతో నడిపిస్తుంటే యూరిక్ యాసిడ్ మూడు నెలలకొకసారి చూస్తే ఎక్కువ, తర్వాత ఏడాదికొకసారి చాలు. నెలనెలా చేయించి 7.4, 7.1, 7.6 అని గ్రాఫు గీసుకోకండి. ఆ డబ్బుతో బీపీ మిషన్ వస్తుంది. అల్లోప్యూరినాల్ మోతాదు పెంచుతున్నప్పుడు మాత్రం డాక్టరు చెప్పినట్టు కొన్ని వారాలకొకసారి యూరిక్ యాసిడ్, క్రియాటినిన్, లివర్ టెస్టు చేయించాలి. బీపీ, హెచ్‌బీఏ1సీ, ఎల్‌డీఎల్ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించి ఉంచండి. పొగ తాగేవాళ్లకు ఆ కాగితం మీద మొదటి గీత సిగరెట్టే.

ఒకవేళ ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు నొప్పి, అది ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లటి చెమట, ఆయాసం ఉంటే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి. షుగరు ఉన్నవాళ్లలో నొప్పి లేకుండా ఒట్టి ఆయాసంతో కూడా రావచ్చు. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా 108కి ఫోన్ చేయండి. బండి మీరు నడుపుకుంటూ వెళ్లకండి. వేసుకుంటున్న మాత్రల కవరు మర్చిపోకుండా వెంట తీసుకెళ్లండి.